మూత తియ్యొద్దు!

చీకటి!

కళ్లు పొడుచుకున్నా ఏమీ కనిపించనంత చీకటి.

బయట మధ్యాహ్నం మూడున్నర. ఎండ దంచేస్తోంది. కానీ స్టూడియో వెనకున్న ఈ డార్క్‌రూమ్‌కు పగలూ రాత్రీ ఒకటే. కిటికీలకు నల్లరేకు కొట్టి ఇరవై ఏళ్లయింది.

"కరెంటు ఎందుకు తీసేశావురా?" చీకట్లోంచి అరిచింది అక్క.

"ఐదింటికి బిల్డింగ్ అప్పజెప్పాలి కదక్కా, ముందే తీసేయించాను." గుమ్మం అవతల పార్ట్‌నర్ గొంతు. తేనె పూసిన కత్తి! "మీ తమ్ముడి గుర్తుగా ఏదైనా కావాలంటే తొందరగా తీసుకోండి. మిగతాదంతా పాతసామానుకు అమ్మేశాను."

అక్కా అట!

ఆ పిలుపు వింటే చాలు, ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

తమ్ముడు పోయి తొమ్మిది రోజులు. ఇదే స్టూడియో మెట్ల కింద... తల పగిలి! కాలు జారిందన్నాడు పార్ట్‌నర్. సరే, జారిందని రాసుకున్నాడు ఇన్‌స్పెక్టర్. ఇరవై ఏళ్లు చీకట్లో తడబడకుండా తిరిగినవాడు పట్టపగలు మెట్ల మీద జారాడట! చెప్పేవాడికి వినేవాడు లోకువ.

తమ్ముడు ఫొటోలు తీసేవాడు. వాటిని ఈ గదిలో కడిగేది అక్క. ఫిల్ము కడిగే హైపో మందు వాసన ఆమె చేతులకు ఎప్పుడూ పోదు. అందుకే వీధి వీధంతా ఆమెను హైపో అక్క అంటుంది.

చనిపోయిన రోజు తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా! మన గోడౌన్‌లో వీడు డేట్ అయిపోయిన సిరప్ సీసాలకు కొత్త లేబుళ్లు అతికిస్తున్నాడే! పసిపిల్లల మందు! ఫొటోలు తీస్తున్నా..."

అంతే. ఫోన్ కట్!

ఆ మాటే స్టేషన్‌లో చెప్పింది. "ఫొటో ఏదమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఫొటో లేదు. కెమెరాలో ఫిల్మే లేదు. తొమ్మిది రోజులు ఆమె వెతికింది. పార్ట్‌నర్ కూడా వెతికాడు! పాత నెగెటివ్‌లన్నీ బూజు పట్టాయని చెప్పి పెరట్లో తగలబెట్టాడు. ఇప్పుడు ట్రేలు, దీపాలు, ఫొటోలు పెద్దవి చేసే ఎన్‌లార్జర్... అన్నీ పూట తిరక్కుండా వదిలించుకుంటున్నాడు, తేలు కుట్టిన దొంగలా.

దుర్మార్గుడు!

హమాలీలు బల్ల జరిపిన చోట ఆమె కాలికి ఏదో తగిలింది.

టక్!

వంగి తడిమింది. చిన్న రేకు గొట్టం. ఫిల్ము క్యాసెట్! చీకట్లో ఆమె వేళ్లే ఆమె కళ్లు. క్యాసెట్ ఖాళీ. ఒకవైపు బిళ్ల ఊడదీసి ఉంది.

మళ్లీ తడిమింది.

క్యాసెట్ బిళ్లను చీకట్లో ఎవరు ఊడదీస్తారు? ఫిల్మును కడగడానికి ట్యాంకులో వేసేవాడు!

తలుపు వైపు చెయ్యి చాపింది. గడియ విరిగి వేలాడుతోంది. హమాలీలు విరగ్గొట్టారని చెప్పాడు పార్ట్‌నర్. అబద్ధం! తమ్ముడు గోడౌన్ నుంచి పారిపోయొచ్చి లోపల గడియ పెట్టుకున్నాడు. వీడు బయట తలుపు బాదుతున్నాడు. ఆ బాదుడు మధ్యే, ఈ చీకట్లో, తమ్ముడు ఫిల్మును ట్యాంకులో వేసి మూత బిగించాడు...

కడిగే టైమ్ లేకపోయింది!

ట్యాంకు అంటే చెంబంత నల్ల డబ్బా. మూత బిగిస్తే లోపలికి వెలుతురు పోదు. మూతకున్న కన్నంలోంచి మందులు పోసి, ఎండలో కూర్చుని కూడా ఫిల్ము కడగొచ్చు. కానీ కడక్కముందు ఆ మూత ఊడిందా... వెలుతురు తగిలి ఫిల్మంతా మసే!

ఆ ట్యాంకు ఏది?

మధ్యాహ్నం మొదటి ట్రిప్పులో వెళ్లిపోయింది!

కొన్నది తుప్పు బాబాయ్. ఏ సామాను కొన్నా మూత తీసి, గోకి, తుప్పుందా అని చూడందే ఆయనకు అన్నం సయించదు.

అక్క క్యాసెట్‌ను పిడికిట్లో బిగించి బయటికి దూసుకొచ్చింది.

"ఏం దొరికిందక్కా?" పార్ట్‌నర్ చూపు ఆమె పిడికిలి మీద.

"నీ పిండం!"

పరుగు!

సందు... మలుపు... ఇంకో సందు. చెప్పు తెగింది. రెండోది కూడా విసిరేసింది. ఫోన్ చెవి దగ్గర.

రింగ్... రింగ్... రింగ్...

"ఎత్తవయ్యా బాబాయ్! చేతులకేమైనా పక్షవాతం వచ్చిందా!"

ఎత్తలేదు.

ఇన్‌స్పెక్టర్‌కు కొట్టింది. "సార్! ఫిల్ము దొరికింది! తుప్పు బాబాయ్ యార్డుకు రండి!"

"దొరికిందా, దొరకబోతోందా?"

"మీరు రండి సార్!"

"ఇదే ఆఖరుసారమ్మా. అక్కడేమీ లేకపోతే కేసు మీ మీద పెడతా."

"పెట్టండి! ముందు రండి!"

యార్డు గేటు. పాత బీరువాలు, సైకిళ్లు, ఫ్యాన్లు. బాబాయ్ దగ్గరుండి ఎక్కిస్తున్న లారీ సగం నిండింది. కుళాయి దగ్గర బాబాయ్ పెళ్లాం సామాను కడుగుతోంది. ఆమె చేతిలో...

నల్ల డబ్బా!

మూత పట్టుకుని తిప్పుతోంది!

"పిన్నీ! మూత తియ్యొద్దు!"

పిన్ని ఉలిక్కిపడింది. డబ్బా జారింది... మోకాళ్ల మధ్య పట్టుకుంది!

"ఏంటే ఆ అరుపు? ప్రాణం పోయింది నాకు! ఇందాకట్నుంచి తిప్పుతున్నా, ఛస్తే రావట్లేదు ఇది!"

అక్క లాక్కుని చెవి దగ్గర ఊపింది. లోపల కటకటమంది రీలు. ఉంది... ఉంది!

"బాబాయ్, నువ్వు దీని మూత తీశావా? ఒట్టేసి చెప్పు!"

"నాకు టైమెక్కడ ఏడ్చింది తల్లీ? ఐదింటికి లారీ కదలాలి."

ఇంటికి తీసుకెళ్లొచ్చు. కానీ దారిలో వాడు కాచుకుంటే? ఒక్క నిమిషం మూత తీస్తే చాలు వాడికి! అదే కడిగేస్తే, ఆ తర్వాత సూర్యుడు దిగొచ్చినా ఫిల్మును ఏమీ చేయలేడు.

"నా మందు సీసాలు ఎక్కడ పిన్నీ?"

"ఇదిగో, ఇప్పుడే పారబోద్దామని..."

మొదట డెవలపర్. బొమ్మను బయటికి తెచ్చేది. కన్నంలోంచి పోసింది. ఊపింది. గడియారం అక్కర్లేదు ఆమెకు, ఇరవై ఏళ్లుగా నోట్లో అంకెలే. ఎనిమిది నిమిషాలు ఊపుతూ, లెక్కపెడుతూ, కడుపులో ఉన్నదంతా ఆ ఇద్దరికీ చెప్పేసింది. పిన్ని కళ్లు తుడుచుకుంది. బాబాయ్ చేతిలో బీడీ ఆరిపోయింది.

డెవలపర్ పారబోసింది. ఇక హైపో. బొమ్మను నిలబెట్టేది. మూడు నిమిషాలు. అంటే నూట ఎనభై అంకెలు.

పోసింది.

ఒకటి... రెండు... మూడు...

కీచుమని కారు ఆగింది.

పార్ట్‌నర్!

"అక్కా!" నవ్వుతూ వస్తున్నాడు. చొక్కా అంచు కొంచెం పైకెత్తాడు. నడుం దగ్గర పిస్టల్! "పరిగెత్తారేంటి? నేను దింపేవాణ్ణి కదా. ఏదీ, ఆ డబ్బా ఇలా ఇవ్వండి."

ఇరవై రెండు... ఇరవై మూడు...

"ఇవ్వను." డబ్బా ఊపుతూనే ఉంది.

"చేతులు వణుకుతున్నాయే. భయమా?"

"కోపంరా! ఒళ్లంతా కోపం!"

పదకొండేళ్లుగా పార్ట్‌నర్. ఒక్కరోజు కూడా డార్క్‌రూమ్‌లో అడుగుపెట్టలేదు. వాసనకు తలనొప్పట! వెలుతురు తగిలితే ఫిల్ము పాడవుతుందని మాత్రం తెలుసు. వాడి విద్య అంతవరకే.

బాబాయ్ అడ్డం వచ్చాడు. "ఆగు బాబూ. అమ్మిన సరుకు. వెనక్కి ఇచ్చే పద్ధతి మా దగ్గర లేదు."

"నేనే కొంటాను. పది రెట్లు ఇస్తా."

"తాతలనాటి వ్యాపారమయ్యా ఇది. కొన్నది విప్పి చూసుకోకుండా నేను అమ్మను. అదీ లారీ వెళ్లాకే."

యాభై ఆరు... యాభై ఏడు... నీ కడుపు చల్లగుండ బాబాయ్, ఇంకా వాగు!

పిస్టల్ బయటికొచ్చింది. బాబాయ్ నోరు మూతపడింది. పిన్ని గోడకు అతుక్కుపోయింది.

తొంభై...

అక్క వెనక్కి నడుస్తోంది. బీరువాల మధ్యకు. వాడు ముందుకు.

"పసిపిల్లల మందురా! నీకు చేతులెలా వచ్చాయి?"

"వ్యాపారం అక్కా. మీ తమ్ముడికి అర్థం కాలేదు. మీకైనా అర్థమవుతుందనుకున్నా."

"వాడు నీకు అన్నం పెట్టాడు! అద్దె కట్టలేక రోడ్డున పడితే స్టూడియోలో సగం రాసిచ్చాడు!"

నూట ఇరవై... నూట ఇరవై ఒకటి...

వాడు గొంతు తగ్గించాడు. "ఆ రోజు లోపల గడియ పెట్టుకున్నాడు. తలుపు బాది బాది నా చేతులు వాచాయి. గడియ విరిగేసరికి ఎదురుగా నిలబడి నవ్వాడు. తొమ్మిది రోజులుగా నాకు నిద్ర లేదక్కా, ఎందుకు నవ్వాడా అని."

అక్క కళ్లు మసకబారాయి. అంకె తప్పింది!

ఎంత... నూట ముప్పయా? నలభయ్యా?

తమ్ముడా! నా తండ్రీ! ఇది నా చేతికే వస్తుందని నమ్మి నవ్వావా!

ముప్పై అనుకుంది. తక్కువే లెక్కపెట్టాలి. ముప్పై ఒకటి... ముప్పై రెండు...

వీపుకు గోడ తగిలింది. ఇక దారి లేదు.

"నీ కాళ్లు పట్టుకుంటా," అంది. ఆ మాటకు నాలుక మీద విషం పోసినట్టుంది. "కావాలంటే నన్ను కాల్చు. మూత మాత్రం తియ్యకు. వెలుతురు తగిలితే సర్వనాశనం..."

వాడి కళ్లు మెరిశాయి.

డెబ్భై ఎనిమిది... డెబ్భై తొమ్మిది...

లాక్కున్నాడు!

పిస్టల్ నడుంలో దోపి, డబ్బాను చంకలో ఇరికించి, బలమంతా పెట్టి మూత తిప్పాడు. ఫట్! హైపో వాడి చొక్కా మీద ఒలికింది. రీలు లాగాడు. ఫిల్మును చేటంత నవ్వుతో బారెడు సాగదీసి ఎండకెత్తాడు.

"చచ్చింది! మీ తమ్ముడి ఫిల్ము చచ్చింది!"

అక్క కదల్లేదు. "సరిగ్గా చూడరా."

చూశాడు.

తడి ఫిల్ములో వరసగా చిన్న చిన్న బొమ్మలు. నలుపు తెల్లగా, తెలుపు నల్లగా. సీసాలు. లేబుళ్లు. లేబుల్ అతికిస్తున్న చెయ్యి. చివర్లో ఒక మొహం... ఇనుపరాడ్ ఎత్తి, నేరుగా కెమెరా మీదికి వస్తున్న మొహం!

వాడిదే!

"నీ ముందే కడిగాను కదరా వెధవా! ఊపుతుంటే వణుకనుకున్నావు!"

"దించకు." వెనకనుంచి ఇన్‌స్పెక్టర్ గొంతు. "అలాగే ఎత్తిపట్టు. ఇక్కణ్ణుంచి బాగా కనిపిస్తోంది."

వాడి కుడిచెయ్యి నడుం దగ్గరికి పోయింది. పిస్టల్‌తో లేచింది. పిస్టల్ గొట్టం అక్క గుండెకు ఎదురుగా...

ఢాం!

పేలింది ఇన్‌స్పెక్టర్ తుపాకీ! వాడి పిస్టల్ ఎగిరి పిన్ని కడుగుతున్న ట్రేలో పడింది. వాడు చెయ్యి పట్టుకుని మోకాళ్ల మీద కూలాడు. ఎడమచేతిలోంచి ఫిల్ము జారింది. జారి జారి మట్టి వైపు...

అక్క నేల మీదికి పడిపోయి రెండు చేతులతో అందుకుంది. మోచేతులు చెక్కుకుపోయాయి. ఇన్‌స్పెక్టర్ ఫిల్ము కోసం చెయ్యి చాపాడు.

"ముట్టుకోకండి!" అరిచింది. తొమ్మిది రోజుల ఏడుపు ఆ అరుపులోనే బయటపడింది. "గీతలు పడతాయి! పిన్నీ... ఆ కుళాయి తిప్పు. ఇంకా నీళ్లల్లో కడగాలి!"