ఆషాఢంలో డ్యూటీ

దేశనూరులో పొద్దున ఆరుగంటలకు చేసే పనులన్నిటిలోకీ మంజుశ్రీకి ఇష్టమైనది బూట్లు తొడుక్కోవడం. పెళ్ళయి నలభై మూడు రోజులే అయింది. కొత్త మెట్టెలు బూటులో ఇరుక్కుని వేళ్ళను కొరికేవి. మొదటి వారం ఎవరికీ చెప్పకుండా ఓర్చుకుంది. ఎనిమిదో రోజున భర్త గోపీకృష్ణ నారుమడి నుంచి మోకాళ్ళదాకా బురదతో వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఆమె పాదం ఒళ్ళో పెట్టుకుని, మెట్టెల చుట్టూ దూది పెట్టి ప్లాస్టరు చుట్టాడు. అప్పటినుంచీ అది రోజూ అతని పనే. ఖాకీ ప్యాంటుకు బురద అంటుతుందని ఆమె విసుక్కునేది. విసుక్కుంటూనే రెండో పాదం చాచేది.

"పోలీసమ్మ కాళ్ళయిపోయినాయా గోపీ?" అంది లోపల్నుంచి అత్త బసవమ్మ. "గేదెకు నాలుగుండాయి. దాన్నీ రోంత చూడప్పా."

మంజుశ్రీ నవ్వు ఆపుకోలేక కాఫీ గ్లాసు పక్కన పెట్టేసింది. ఆ ఇంట్లో ఆమెకు ప్రతిదీ నవ్వొచ్చేలాగే ఉండేది. మామ సుబ్బరాయుడు పేపరు చదువుతూ దానితోనే పోట్లాడటం, గోపీ స్నానానికి పోయి పాడటం, అత్త ఎంత తిట్టినా టిఫిన్ డబ్బాలో అడుగున ఒక స్వీటు దాచిపెట్టడం.

వాళ్ళ సంబంధం కుదిరింది కూడా నవ్వొచ్చేలాగే. గోపీ తాత ఎప్పుడో కాలవ నీళ్ళ వెంట కోస్తా నుంచి ఈ కన్నడ సీమకు వచ్చి వరి వేసి స్థిరపడ్డాడు. మంజుశ్రీ వాళ్ళు తరాలుగా ఈ గడ్డ మీద ఉన్నవాళ్ళే. ఆమె నాన్న యల్లప్ప కుడతిని కరెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. తమ పొలంలో మోటారు పోయిందని గోపీ ఒకరోజు సిరుగుప్ప ఠాణాకు వచ్చాడు. ఫిర్యాదు రాసుకున్నది కానిస్టేబుల్ మంజుశ్రీ. మోటారు సంగతి ఏమైందని అతను పదకొండుసార్లు కనుక్కోవడానికి వచ్చాడు. మోటారు ఇంతవరకూ దొరకలేదు.

ఠాణాలో ఇప్పుడు ఆమెకు సొంతంగా ఒక బల్ల ఉంది. మూడు నెలల కిందట ఆడవాళ్ళ సహాయానికని కిటికీ పక్కన వేశారు. పొలాల్లో కూలికి పోయే తెలుగు ఆడవాళ్ళు అంతకుముందు తమ కష్టం మగ పోలీసులకు కన్నడంలో చెప్పుకోవలసి వచ్చేది. సగం చెప్పి, మిగతా సగం మింగేసి వెళ్ళిపోయేవాళ్ళు. మంజుశ్రీ వాళ్ళ మాటలోనే పలకరించేది. కుర్చీ కూడా బల్లకు ఎదురుగా కాకుండా పక్కన వేసింది. ఎదురుగా కూర్చుంటే విచారణలా ఉంటుంది, పక్కన కూర్చుంటే కబురులా ఉంటుంది అని ఆమెకు చెప్పింది లోసలిని.

లోసలిని ఫిజీ దేశంలో పోలీసు సార్జెంటు. పెళ్ళికి ముందటేడు మైసూరులో రెండు వారాల శిక్షణకు ఫిజీ, టోంగా, సమోవా, వనువాటు నుంచి ఆడ పోలీసులు వచ్చారు. అవన్నీ పసిఫిక్ సముద్రంలో చుక్కల్లాంటి దీవులు. చాలా చోట్ల ఠాణాకు ఒక్క ఆడమనిషే ఉంటుంది, ఇంకొక ఆడ పోలీసు కావాలంటే సముద్రం దాటాలి. అందుకని వాళ్ళు ఇద్దరిద్దరుగా జత కట్టుకుంటారు. వారానికొకసారి జత మనిషికి ఫోన్ చేయాలి, ఏమీ లేకపోయినా చేయాలి. మైసూరులో లోసలిని మంజుశ్రీని తన జతగా ఎంచుకుంది. ప్రతి శనివారం పొద్దున, అక్కడ మధ్యాహ్నం అన్నం వేళకు, ఆమె ఫోన్ వచ్చేది. పై అధికారి ఎగతాళి చేస్తే ఏం చేయాలి, దెబ్బలు తిన్న మనిషిని మొదట ఏం అడగాలి అన్న మాటలు అరగంట సాగేవి. మధ్యలో పెళ్ళికొడుకు కబుర్లు కూడా దొర్లేవి.

ఆ బల్ల దగ్గరకు హంపమ్మ అనే కూలి మనిషి నాలుగు గురువారాలుగా వస్తోంది. మొదటి గురువారం నీళ్ళు తాగి వెళ్ళిపోయింది. రెండోసారి ఏడ్చింది. మూడోసారి జాకెట్టు చెయ్యి పైకెత్తి మొగుడు కాల్చిన మచ్చలు చూపించింది. నాలుగోసారి ఫిర్యాదు మీద వేలిముద్ర వేసి, కోర్టులో చెబుతాను గానీ నువ్వు నా పక్కన నిలబడాలి అంది. వాయిదా వచ్చే గురువారం.

సోమవారం నుంచి ఆషాఢం.

ఆషాఢంలో అత్తా కొత్తకోడలూ ఒక గడప దాటకూడదు. కోడలు నెల రోజులు పుట్టింట్లో ఉండాలి. కుడతిని నుంచి సిరుగుప్పకు బళ్ళారి మీదుగా రెండు బస్సులు మారి డ్యూటీకి చేరడం జరిగే పని కాదు. నెల సెలవు పెట్టాలి. పెడితే ఆ బల్ల బళ్ళారి నుంచి వచ్చే ఇంకొకరికి ఇస్తామని ఇన్‌స్పెక్టర్ ముందే చెప్పాడు. వచ్చే ఆమెకు తెలుగు రాదు. ఇచ్చిన బల్ల మళ్ళీ వెనక్కి రాదు.

ఈ విషయం అత్తతో నువ్వే మాట్లాడమని మంజుశ్రీ గోపీకి అప్పజెప్పింది. అమ్మ ఒప్పుకుంది అని అతను రెండు రోజుల తరువాత చెప్పాడు. మంజుశ్రీ ఆ సంతోషంలో ఠాణాలో వాళ్ళందరికీ మైసూరుపాక్ కొనుక్కుని పోయింది.

శుక్రవారం సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆమె చీరలన్నీ పెట్టెలో సర్ది ఉన్నాయి. బసవమ్మ వాటి మీద పసుపు, కుంకుమ, రవికె గుడ్డ పెడుతోంది. ఆదివారం పొద్దున బండి తీసుకుని వస్తున్నామని యల్లప్ప ఫోన్ చేశాడట.

"ఇదేంది అత్తా?" అంది మంజుశ్రీ.

"ఏంది అంటే? ఆషాఢానికి పోతాననింటివంట గదా. గోపీ చెప్పినాడు."

ఇద్దరూ ఒకేసారి గోపీ వైపు చూశారు. అతను గేదెకు నీళ్ళు పెట్టలేదన్న సంగతి అప్పుడే గుర్తొచ్చినట్టు లేచాడు. సుబ్బరాయుడు పేపరు ముఖానికి ఇంకాస్త దగ్గరగా జరుపుకున్నాడు.

"కూర్చో," అంది బసవమ్మ. గోపీ కూర్చున్నాడు.

అతను చేసిందల్లా ఇంతే. అమ్మను అడిగితే ఆమె ముఖం చూసి భయం వేసి, మంజు పోతానంది అన్నాడు. మంజు ముఖం చూసి జాలి వేసి, అమ్మ ఒప్పుకుంది అన్నాడు. ఆదివారం లోపల ఏదో ఒక దారి దొరక్కపోతుందా అనుకున్నాడు.

"ఏం దారి దొరకతాదనుకున్యావప్పా? ఆషాఢం వానకు కొట్టుకపోతాదనా?" అంది తల్లి.

మంజుశ్రీకి నవ్వు రాలేదు. ఆ ఇంట్లో నవ్వు రాకపోవడం అదే మొదటిసారి. తను పోలేనని చెప్పింది. బల్ల సంగతి చెప్పింది, హంపమ్మ సంగతి చెప్పింది. ఒక్క నెల సెలవు పెడితే ప్రపంచం మునిగిపోదని బసవమ్మ అంది. ఉద్యోగం ఎప్పుడైనా చేసుకోవచ్చు, పెళ్ళయిన మొదటి ఆషాఢం ఒక్కసారే వస్తుందంది. మాటకు మాట పెరిగింది.

"రజా పెడితే నా పని పోతాది అత్తా. జీతం గాదు నేను చెప్పేది. ఆ బల్ల పోతాది. గురువారం ఆయమ్మ కోర్టుకొచ్చి నేను లేకుంటే నోరు తెరవదు. ఇంగ జన్మలో తెరవదు."

"నీకు ఆయమ్మ గావాల. నేనేమైనా ఫరవాలేదు."

"నేనట్లంటినా? ఈ కాలంలో గడప దాటితే ఎవరికేమయితాది చెప్పు."

బసవమ్మ పెట్టె మూత ధన్‌మని వేసింది. తరువాత దాని మీదే కూర్చుండిపోయింది.

"నేను పోలేదు," అంది చివరికి. "నా పెళ్ళయిన ఏడు కూలోళ్ళు దొరకలేదు. నాట్లకు మనుషుల్లేరని మా అత్తే ఉండమనింది. ఉంటిని. దీపావళి గూడా రాలేదు, ఆయమ్మ పాయ. మనిషి బాగుండె, జొరమొచ్చి నాలుగు దినాల్లో పాయ. ఊరంతా నన్నే అనిరి. ఆషాఢంలో ఇంట్ల కూర్చుని అత్తను మింగినాదని. శుభకార్యానికి పోతే పక్కకు జరిగేటోళ్ళు. ఇన్నేండ్లు. ఈయప్పనడుగు."

సుబ్బరాయుడు పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. కళ్ళు పైకెత్తలేదు.

"నేను చచ్చిపోతానని భయం గాదమ్మా నాకు," అంది బసవమ్మ. "షుగరుండాది, బీపీ ఉండాది, ఎప్పుడో ఒకసారి పోయేదే. ఆ పొద్దు నిన్నంటారు. ఆ మాట ఎట్లుంటాదో నీకు తెల్దు. నాకు తెలుసు."

మంజుశ్రీ నాలుగు గురువారాలు ఎంతో ఓర్పుగా ఒక మనిషి పక్కన కూర్చుని, ఆమె నోటివెంట మాట వచ్చేదాకా ఆగింది. తన ఇంట్లో, తనకు డబ్బాలో స్వీటు దాచిపెట్టే మనిషిని మాత్రం నలభై మూడు రోజుల్లో ఒక్కసారి కూడా ఏమీ అడగలేదు. వెళ్ళి పెట్టె మీద ఆమె పక్కన కూర్చుంది. అత్త భుజం మీద తల ఆనించింది. బసవమ్మ తోసెయ్యలేదు.

మరునాడు శనివారం. ఆరుగంటలప్పుడు మంజుశ్రీ తలస్నానం చేస్తుండగా ఫోన్ మోగింది. మామూలుగా అయితే బసవమ్మ ఆ ఫోన్ ముట్టుకోదు. ఆ పొద్దు ఎందుకో తీసింది. తెర మీద నల్లటి ఉంగరాల జుట్టుతో, నీలం చొక్కాతో ఒక భారీ మనిషి నవ్వుతూ కనిపించింది.

లోసలిని చిన్నప్పుడు ఫిజీలో చెరకు తోటల పక్కన పెరిగింది. అక్కడి భారతీయుల పిల్లలతో ఆడుకుని వాళ్ళ హిందీ నేర్చుకుంది. బసవమ్మ సిరుగుప్ప సంతలో గాజులమ్మే సాయిబుల ఆడవాళ్ళతో బేరమాడి ఉర్దూ నేర్చుకుంది. ఆ రెండూ ఎక్కడ కలుస్తాయో దేవుడికే తెలియాలి, కానీ కలిశాయి. మంజుశ్రీ జుట్టుకు తుండు చుట్టుకుని బయటికి వచ్చేసరికి, అత్త నేల మీద బాసింపట్టు వేసుకుని, ఫోన్ పప్పుడబ్బాకు ఆనించి పెట్టి, చెయ్యి ఊపుతూ ఆషాఢం గురించి చెబుతోంది.

లోసలిని శ్రద్ధగా విని ఒక సంగతి చెప్పింది. తనను ఎనిమిది నెలలు పెద్ద ద్వీపంలో పోలీసు బడికి పంపినప్పుడు ఇంట్లో చిన్నపిల్లలున్నారు. వద్దని రాసిద్దామనుకుంది. పక్క ద్వీపంలో ఉన్న అప్పటి తన జత మనిషి పడవెక్కి వచ్చింది. లోసలిని ఊరి ఠాణాకే బదిలీ చేయించుకుని, ఆమె ఇంట్లోనే ఉండి, పిల్లల్ని చూసుకుంది. తరువాత ఆమెకు కవలలు పుట్టినప్పుడు లోసలిని అక్కడికి పోయింది.

బసవమ్మ చాలాసేపు ఆలోచించి ఒకే ప్రశ్న అడిగింది. నువ్వు ఆ బడి మానుకోవలసింది గదా, ఆమె ఎందుకు ఇల్లు వదిలింది? ఆ నెలల్లో కదలగలిగింది ఆమే కాబట్టి అంది లోసలిని, అందులో వింత ఏముందన్నట్టు.

ఫోన్ పెట్టేశాక బసవమ్మ దోసెలు పోసింది. మూడో దోసె పెనం మీద ఉండగా మొగుణ్ణి పిలిచింది.

"అత్తా కోడలూ ఒక గడప దాటగూడదు. అంతే గదా శాస్త్రం?"

"అంతే," అన్నాడు సుబ్బరాయుడు జాగ్రత్తగా.

"కోడలే పోవాలని యాడన్నా ఉండాదా?"

ఆయన ఆలోచించాడు. జన్మలో ఎవరూ ఆ ప్రశ్న అడగ్గా వినలేదు. "యాడా లేదు," అన్నాడు.

"అయితే నేను పోతా. మా తమ్ముని ఇంటికి."

ఆమె తమ్ముడు సండూరులో గనుల లారీలకు టైర్ల దుకాణం నడుపుతాడు. పెళ్ళయినప్పటినుంచీ బసవమ్మ ఆ ఇంట్లో వరసగా రెండు రాత్రులకు మించి ఉండలేదు. నాట్లు, కోతలు, గేదె, పిల్లవాడి బడి, ఎప్పుడూ ఏదో ఒకటి. వంట ఎవరు చేస్తారని గోపీ అడిగాడు. అడిగిన మరుక్షణం జవాబు అతనికే అర్థమైంది. ముగ్గురూ అతన్నే చూస్తున్నారు.

మంజుశ్రీ వద్దంది. తన కోసం అత్త ఇల్లు వదిలి పోవడమేమిటంది. నలుగురూ ఏమనుకుంటారంది.

"నలుగురు నన్ను అననిదేముండాది ఇంగ?" అంది బసవమ్మ. "పక్కన నిలబడతానని ఆయమ్మకు మాటిచ్చినావు గదా. పోయి నిలబడు."

ఆదివారం పొద్దున యల్లప్ప కూతురి కోసం అద్దె బండి తెచ్చాడు. అల్లుడికి ప్యాంటు షర్టు గుడ్డ, రెండు సీసాల ఊరగాయ తెచ్చాడు. గడపలో నిలబడ్డది వియ్యపురాలు. సంగతి వినడానికి ఆయనకు రెండు గ్లాసుల మజ్జిగ పట్టింది. విన్నాక తల గోక్కుని, సండూరు మా ఊరు దాటితే వచ్చేదే గదా, రా చెల్లెమ్మా అని పెట్టె ఎత్తుకున్నాడు.

మంజుశ్రీ ముందు రోజు నుంచీ ఆపుకున్నదంతా ఆ నిమిషంలో బయటికొచ్చింది. కాళ్ళకు దండం పెట్టడానికి వంగి, లేవలేక అక్కడే ఏడ్చేసింది.

"లెయ్యి," అంది బసవమ్మ, ఆమె ముఖం కొంగుతో తుడుస్తూ. "ఇన్నేండ్లకు పుట్టింటికి పోతాండా. నవ్వుమొగంతో పంపియ్యి."

బండి కదిలేటప్పుడు చిన్నపిల్లలా కిటికీ పక్కన కూర్చోవాలని ఆమె పట్టుబట్టడం మంజుశ్రీ చూసింది.

గురువారం హంపమ్మ కోర్టులో మాట్లాడింది. మొదట గొంతు పెగల్లేదు. మంజుశ్రీ పక్కనే, చెయ్యి తగిలేంత దగ్గరలో నిలబడింది. కాసేపటికి మాట వచ్చింది, వచ్చాక ఆగలేదు. బయటికి వచ్చాక హంపమ్మ పంపు దగ్గర ముఖం కడుక్కుని, ఆకలేస్తోందంది. గోపీ కట్టిన డబ్బాలో అన్నం ఒక పక్క మాడింది, ఒక పక్క ఉడకలేదు. ఇద్దరూ దాన్ని ఇష్టంగా పంచుకుని తిన్నారు.

తరువాత మంజుశ్రీ కోర్టు మెట్ల మీద కూర్చుని సండూరుకు ఫోన్ చేసింది. అవతల వాన చప్పుడు, లారీల హారన్లు వినిపించాయి. కొండలన్నీ పచ్చగా ఉన్నాయని, తమ్ముడి పెళ్ళాం తనను ఒక్క గిన్నె కూడా తోమనియ్యడం లేదని బసవమ్మ చెప్పింది. తరువాత గొంతు తగ్గించి అడిగింది.

"మాట్లాడినాదా?"

"మాట్లాడినాది అత్తా. కడదాకా."

అవతల కొంతసేపు వాన చప్పుడే వినిపించింది. మంజుశ్రీకి ఆ మౌనం తెలుసు. బల్ల పక్కన కూర్చుని నేర్చుకున్న మౌనం. తొందరపడలేదు.

"మొదట్నుంచి చెప్పు," అంది బసవమ్మ, ముక్కు ఎగబీల్చి. "యాడ నిలబడినాది, ఏమనినాది, అంతా చెప్పు. నాకేం పని లేదీడ."

మంజుశ్రీ బూటు లేసులు వదులు చేసుకుని, మెట్టు మీద సర్దుకుని కూర్చుని, మొదలుపెట్టింది.