పడని వేలిముద్రలు

పొద్దున్న ఆరున్నరకే సింకు నిండా గిన్నెలున్నాయి. కోడలు మాత్రం నూలు గ్లౌజులు తొడుక్కుని, నిమ్మకు నీరెత్తినట్టు కుర్చీలో కూర్చుని ఉంది. పదమూడు రోజులుగా ఆ ఇంట్లో ఇదే వరస.

"మహారాణీగారికి టీ అక్కడికే పంపమంటారా?" అంది అత్తగారు వంటగదిలోంచి.

"చక్కెర కాస్త తక్కువ వెయ్యండి అత్తయ్యా," అంది కోడలు.

అత్తగారికి ఒళ్ళు మండింది. దెప్పితే సిగ్గుపడి లేస్తుందనుకుంది పాపం. ఆ రోజులు పోయాయి.

అసలు సంగతేమిటంటే, కోడలు పద్నాలుగేళ్ళుగా ఓ పెద్దాసుపత్రి లాండ్రీలో పనిచేస్తోంది. మరకలు పడ్డ దుప్పట్లను బ్లీచింగు నీళ్ళలో నానబెట్టి, రుద్ది, జాడించడం ఆమె పని. విదేశంలో ఒక ఆసుపత్రివాళ్ళు లాండ్రీ సూపర్‌వైజర్ ఉద్యోగం ఇస్తామన్నారు. ఫోన్లో ఇంటర్వ్యూ నెగ్గింది. మెడికల్ టెస్టులు నెగ్గింది. కేసులేవీ లేవని పోలీసులిచ్చే కాగితం కోసం నెల రోజులు తిరిగి అదీ తెచ్చుకుంది. తీరా వీసా సెంటర్లో గాజుపలక మీద చేతులు పెడితే ముద్రలు పడలేదు. బ్లీచింగూ, ఇంట్లో గిన్నెల సబ్బూ కలిసి పదివేళ్ళనీ నున్నగా అరగదీసి పెట్టాయి. పది రోజులాగి వెళ్తే రెండోసారీ పడలేదు.

కౌంటర్లో అమ్మాయి జాలిపడింది. "మూడు వారాలు సబ్బు నీళ్ళ జోలికి పోకండి. గీతలు మళ్ళీ తేలతాయి. మూడోసారి కూడా పడకపోతే మాత్రం ఫైలు మూసేస్తారు," అని చెప్పింది.

లాండ్రీవాళ్ళు అడగ్గానే సెలవిచ్చారు. ఇవ్వనిది ఇల్లే.

భర్త స్కూలు బస్సు డ్రైవరు. వెళ్ళమనీ అనడు, వద్దనీ అనడు. నాలుగు రోజులు పోతే ఈ పిచ్చి అదే దిగుతుందని అతని లెక్క. గిన్నెలు అత్తగారే సణుక్కుంటూ తోమేది. ఆవిడ సణుగుడు పక్కింటి దాకా వినిపించేది.

పద్నాలుగో రోజు ఆదివారం. ఆడపడుచు మొగుణ్ణీ, పిల్లల్నీ వెంటబెట్టుకుని భోజనానికి దిగింది. తిన్నంతసేపూ నవ్వులే. తిన్నాక అందరి చూపులూ సింకు మీదికి, అక్కణ్ణుంచి కోడలి గ్లౌజుల మీదికీ వెళ్ళాయి.

"ఈ ఒక్కపూటకి తోమెయ్యవే. వచ్చినవాళ్ళ ముందు బాగోదు," అన్నాడు భర్త గొంతు తగ్గించి.

"తోమను."

"ఒక్కపూటకే కొంప మునిగిపోతుందా?"

"ఒక్కపూట, ఒక్కపూట అంటూనే అరిగాయండి ఇవి."

"పోనీ నేను తోముతాలే వదినా," అంది ఆడపడుచు. అంది గానీ కుర్చీలోంచి కదల్లేదు.

భర్తకి చెల్లెలి ముందు తల కొట్టేసినట్టయింది. "నీ వేళ్ళు అరిగింది లాండ్రీలో. మధ్యలో ఇల్లేం చేసింది? అయినా ఇప్పుడు మనకేం తక్కువైందని ఈ దేశాలు పట్టుకుపోవడం?"

కోడలు గ్లౌజులు విప్పి, రెండు చేతులూ బల్ల మీద పెట్టింది.

"మనకేం తక్కువ కాలేదు. నాకు తక్కువైంది. పద్నాలుగేళ్ళు నన్ను ఆ తొట్టి దగ్గరే నిలబెట్టారు. నా తర్వాత చేరినవాళ్ళు కుర్చీలెక్కారు. అక్కడ పన్నెండుమంది చేత పని చేయించాలి, చేయించగలవా అని అడిగారు. చేయిస్తానన్నాను. ముక్కూమొహం తెలీనివాళ్ళు నా మాట నమ్మారు. తీరా చూస్తే, ఇది నేనేనని రుజువు చెయ్యడానికి వేళ్ళ మీద ఒక్క గీత మిగల్లేదు. గీతలు వచ్చేదాకా ఈ ఇంట్లో నేను గ్లాసు కూడా కడగను. మీ చెల్లెలొచ్చినా అంతే, ఊరంతా కదిలొచ్చినా అంతే."

"చూశావా అమ్మా ఈ మొండితనం?" భర్త తల్లివైపు తిరిగాడు. "నువ్వన్నా చెప్పు."

అత్తగారు బల్ల దగ్గరికి వచ్చింది. ఇక ఉరుములూ మెరుపులేనని అందరూ సిద్ధపడ్డారు. ఆవిడ కోడలి కుడిచేతిని కిటికీ వెలుగులోకి లాగి, వేళ్ళు ఒక్కొక్కటీ తిప్పి చూసింది. తర్వాత తన బొటనవేలు చూసుకుంది. కుర్చీ లాక్కుని కొడుక్కి ఎదురుగా కూర్చుంది.

"పోయిన నెల పింఛను కోసం బ్యాంకుకెళ్ళి ఉత్తచేతులతో వచ్చాను, గుర్తుందిరా?"

"వేలిముద్రల మిషను పాడైందన్నావుగా."

"మిషను బాగానే ఉంది. నా ముందువాళ్ళకి పడింది, నా వెనకవాళ్ళకీ పడింది. నాకే పడలేదు. బ్యాంకతను ఏడుసార్లు వేలు తుడిపించి పెట్టించాడు. వెనకాల జనం గొణుగుతుంటే తలెత్తుకోలేక వచ్చేశాను. మీకు చెప్పుకోలేక మిషను మీదికి నెట్టాను." ఆవిడ బొటనవేలు కొడుకు ముందుకి చాపింది. "నేను ఏ లాండ్రీలో చేశానురా?"

కొడుకు తల్లి వేలు చూశాడు, పెళ్ళాం వేళ్ళూ చూశాడు.

"లే, తోము," అంది అత్తగారు.

"నేనా?"

"నీకు పది వేళ్ళూ ఉన్నాయిగా."

భర్త చొక్కా చేతులు పైకి మడిచి సింకు దగ్గరికి నడిచాడు. పెళ్ళాం చూపు తగలకముందే ఆడపడుచు మొగుడు కూడా తుడిచే గుడ్డ అందుకున్నాడు. కోడలికి అప్పటిదాకా బిగబట్టిన ఏడుపు ఒక్కసారిగా ముంచుకొచ్చింది. కళ్ళు తుడుచుకోబోతే అత్తగారు చెయ్యి పట్టుకుని ఆపింది.

"తడి తగలనివ్వకు," అంటూ తన అరచేత్తోనే కోడలి కళ్ళు తుడిచింది.

ఇరవై రెండో రోజు వీసా సెంటర్‌కి భర్త కూడా వెళ్ళాడు. ఎడమచేతి నాలుగు వేళ్ళూ పడ్డాయి. కుడిచేతివీ పడ్డాయి. బొటనవేళ్ళు మొదట మొరాయించి, రెండోసారికి పడ్డాయి.

"పదీ వచ్చాయండి," అంది కౌంటర్లో అమ్మాయి. "వీసా ఇచ్చేదీ లేనిదీ ఇక వాళ్ళ చేతిలో ఉంది. రెండు వారాల్లో తెలుస్తుంది."

బయటికొచ్చి ఇద్దరూ బస్సు కోసం నిలబడ్డారు. భర్త రోడ్డు వైపు చూస్తూ అడిగాడు.

"ఒకవేళ ఇవ్వకపోతే?"

"మళ్ళీ అప్లై చేస్తాను. వాళ్ళు కాకపోతే ఇంకో దేశం."

"అప్పటికి వేళ్ళు మళ్ళీ అరిగిపోతాయేమో."

"ఎందుకరుగుతాయి?" అంది ఆమె, మొగుడి కళ్ళలోకి సూటిగా చూస్తూ.

అతను వారం రోజుల సబ్బుకి పొట్టు లేచిన తన వేళ్ళకేసి చూసుకున్నాడు.

"అరగవు," అన్నాడు.