కింది అంకె జోలికి వెళ్ళకూడదు

నరీన్ పట్టణంలోని బడిలో కెమిస్ట్రీ మాస్టారుగా చేరిన కొత్తలోనే మెదేర్ ఎనిమిదో తరగతి పిల్లల ముందు పరువు పోగొట్టుకున్నాడు.

హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీరవడం బోర్డు మీద రాశాడు. ఎడమవైపు ఆక్సిజన్లు రెండు, కుడివైపు ఒకటే. గంట కొట్టే వేళైంది. తొందరలో నీటి ఫార్ములాలో ఆక్సిజన్ కింద చిన్న రెండు తగిలించి, "చూశారా, సరిపోయింది!" అన్నాడు.

పక్క తరగతిలో కెమిస్ట్రీ చెప్పే జిబెక్ సుద్దముక్క కోసం వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"దాహమేసి నీళ్ళడిగితే జుట్టు రంగు పోగొట్టే మందు పోస్తున్నారేంటండీ, మెదేర్ గారూ?"

పిల్లలు ఘొల్లున నవ్వారు. ఆమె ఆ చిన్న రెండును చెరిపి, నీటికి ముందు ఒక రెండు, హైడ్రోజన్‌కి ముందు ఒక రెండు వేసింది.

"సరిపోకపోతే ఫార్ములాకి ముందు అంకె వేయాలర్రా. కింది అంకె ముట్టుకుంటే పదార్థమే మారిపోతుంది."

మెదేర్‌కి ఒళ్ళు మండింది. స్టాఫ్‌రూమ్‌లో నిలదీశాడు.

"పిల్లల ముందే అనాలా?"

"పిల్లల ముందేగా రాశారు!"

మర్నాడు మెదేర్ ఆమెను ఓడిద్దామని కొరకరాని కొయ్యలాంటి సమీకరణం ఒకటి వెతికి ఆమె బల్ల మీద పెట్టాడు. టీ చల్లారేలోపు ఆమె దాన్ని తుల్యం చేసి ఇచ్చేసింది. ఇంకోటి పెట్టాడు. అదీ అంతే. మంచు కరిగేనాటికి అతని దగ్గర సమీకరణాలు అయిపోయాయి. అప్పటికి ఆమె పక్కన కూర్చోవడానికి సాకు అవసరం లేకుండా పోయింది.

వసంతంలో మెదేర్ తల్లి బూరుల్ తమ ఊరు తలాస్ నుంచి వెండి కమ్మలు తీసుకుని జిబెక్ ఇంటికొచ్చింది. అక్కడి ఆచారంలో అత్త తన చేత్తో కోడలి చెవులకి కమ్మలు పెడితే సంబంధం ఖాయమైనట్టే. జిబెక్ అమ్మానాన్నలు బల్ల నిండా నూనెలో వేయించిన వేడి పిండిముక్కలు, బోర్సోక్‌లు పరిచారు.

"ఉద్యోగం మానేసి తలాస్ వచ్చేస్తావటగా తల్లీ, మావాడు చెప్పాడు. బీన్స్ చేలు చూసుకునే ఓపిక నాకిక లేదు," అంటూ బూరుల్ కమ్మ తీసింది.

జిబెక్ తల వెనక్కి తీసుకుంది. "టీ తెస్తానమ్మా," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. మెదేర్ వెనకే పరిగెత్తాడు.

"మానేస్తానని మీతో ఎప్పుడన్నాను?"

"లేకపోతే అమ్మ ఒప్పుకోదేమోనని... ఎలాగోలా కుదిరితే చాలనుకున్నాను."

"మళ్ళీ కింది అంకె మార్చారు. బడి మానేసే ఆ జిబెక్ ఎవరో వేరే మనిషి. వెళ్ళి ఆవిణ్ణే చేసుకోండి."

ఆమె గొంతులో వేళాకోళం లేదు. మెదేర్ నోరు విప్పాల్సిన చోట విప్పక, అక్కర్లేని చోట విప్పి ఈమెను చేజేతులా పోగొట్టుకుంటున్నాడు. తిన్నగా ముందుగదిలోకి వెళ్ళాడు.

"అమ్మా, నీతో అబద్ధం చెప్పాను. తననసలు అడగలేదు. తను ఇక్కడే పాఠాలు చెబుతుంది. నేనూ ఇక్కడే ఉంటాను. కోతలకి సెలవు పెట్టుకొని వస్తాను."

బూరుల్ చేతిలోని కమ్మను బల్ల మీద పెట్టేసింది. జిబెక్ టీపాట్‌తో గుమ్మంలో నిలబడిపోయింది.

"మీ నాన్నా ఇంతే. ఏ రోజూ నన్ను అడిగిన పాపాన పోలేదు," అంది బూరుల్. "ఇప్పుడు ఈ పిల్లనడుగు. నా ఎదుటే."

మెదేర్ తిరిగి చూశాడు. "జిబెక్ గారూ, మీకేం కావాలి?"

"నా బడి కావాలి," అంది జిబెక్. "మీరూ కావాలి."

"ఇంకా గారేంట్రా!" అని బూరుల్ నవ్వుతూ కమ్మలు పట్టుకుని లేచింది.

జిబెక్ టీపాట్ బల్ల మీద పెట్టి, జుట్టు పక్కకి తోసుకుని చెవి చూపించింది.