రింజనీ రక్తం

మంగళవారం ఉదయం 7:20. జూ ఆసుపత్రి ఫ్రిజ్‌లో ఆరు రక్తం సీసాలున్నాయి. ఇన్‌స్పెక్టర్ ప్రమెస్తి ఒక్కో సీలు తిప్పి చూసింది. ఏదీ చెదరలేదు.

ఫిర్యాదు ఇచ్చిన డైరెక్టర్ సిలాలహి ఆమె వెనకే నిలబడ్డాడు. మోసం ఈ గదిలోనే జరిగిందని అతని నమ్మకం. రింజనీ అనే ఆడ ఒరంగుటాన్ రక్తం పారబోసి, ఆ సీసాలో వేరే జంతువు రక్తం నింపారని అతను రాసిచ్చాడు.

ఆధారం ముందురోజు సాయంత్రం వచ్చిన ల్యాబ్ రిపోర్టు. పదేళ్ల క్రితం జూకి వచ్చిన రోజున తీసి దాచిన వెంట్రుకల ప్రకారం రింజనీది పశ్చిమ బోర్నియో వంశం. కలగలుపు లేదు. గత నెల తీసిన రక్తం ప్రకారం దానిలో సగం సుమత్రా వంశం. రెండు నమూనాలూ ఒకే జంతువువి కావని ల్యాబ్ తేల్చింది.

పెంపకం పథకంలో పశ్చిమ బోర్నియో ఆడవి నాలుగే మిగిలాయి. రింజనీ నాలుగోది. గురువారం దాన్ని ఇంకో జూలో ఉన్న మగదాని దగ్గరికి పంపాలి.

దానితోపాటే పెరిగిన మెలాతి పక్క బోనులో ఉంది. దాచిన వెంట్రుకలను బట్టి అది రెండు ద్వీపాల సంకరం. దానికి పిల్లలు పుట్టకుండా ఈ రోజు 10 గంటలకు ఆపరేషన్. ఒకసారి చేస్తే వెనక్కి తీసుకోలేనిది.

ఆ ఆపరేషన్ వాయిదా వేస్తారా అని ప్రమెస్తి అడిగింది.

“దానికీ దీనికీ ఏం సంబంధం మేడమ్? సర్జన్ మధ్యాహ్నం విమానానికి వెళ్లిపోతాడు. మీరు దొంగని పట్టుకోండి” అన్నాడు సిలాలహి.

రక్తం తీసింది వెటర్నరీ డాక్టర్ తెన్రి. వేరే ద్వీపంలోని మకస్సర్ నుంచి వచ్చి మూడేళ్లయింది. గత నెల ఆ రోజు 8:15కి తీసింది, 8:50కి సీలు వేసింది. ఆ ముప్పై అయిదు నిమిషాలూ సీసా బల్ల మీద ఉంది. గదిలో ఆమె, కాపరి వాకిది తప్ప ఎవరూ లేరు.

చిన్నప్పుడు రింజనీని వాకిది ఒళ్లో పెట్టుకుని పాలు పట్టాడని, పంపడం ఇష్టం లేక ఈ పని చేసుంటాడని డైరెక్టర్ అన్నాడు.

ఈ ఉదయం 8:05కి వాకిది జంతువుల వంటగదిలో బొప్పాయిలు కోస్తున్నాడు. ఏభై ఏడేళ్ల మనిషి. కత్తి ఆపలేదు.

“సీసా ముట్టుకున్నారా పాక్?” అంది ప్రమెస్తి. ఇక్కడ పెద్దాయనను పాక్ అంటారు, మేడమ్‌ను బు అంటారు.

“రక్తం చూస్తే నాకు కళ్లు తిరుగుతాయి బు. ఆ వేళంతా గోడ వైపు తిరిగి నుంచున్నా. డాక్టరమ్మ నవ్వింది కూడా.”

“రింజనీని పంపడం మీకు ఇష్టమేనా?”

“నా కూతుర్ని సముద్రం దాటించి మనాడో పంపినప్పుడే నన్నెవరూ అడగలేదు. ఆ మగది కరుస్తుందో లేదో కనుక్కోండి, చాలు.”

గోడ సంగతి నిజమేనని తెన్రి ఒప్పుకుంది.

8:40. ప్రమెస్తి రెండు ఒరంగుటాన్‌ల ఫైళ్లూ తెప్పించింది. 2016 దగ్గర ఆగింది. ఏప్రిల్ నెలలో రింజనీని మూడుసార్లు విరేచనాలతో ఆసుపత్రిలో పెట్టారు. మే 3న బరువు 5.2 కిలోలు. మే 14న 8.6. అదే పదకొండు రోజుల్లో మెలాతి 8.5 నుంచి 5.3కి తగ్గింది.

ఆ నెలలో తూకం యంత్రం మార్చారని, అంకెలు తప్పుపడ్డాయని తెన్రి చెప్పింది. ఫైలు చూసిన వాళ్లందరూ అలాగే అనుకున్నారట. మైక్రోచిప్పులు 2019లో వేశారు. బోను మీద ఉన్న పేరు చూసే వేశారు.

ప్రమెస్తి నడవలోకి వచ్చింది. గోడ మీద పాత ఫొటోలు వరసగా ఉన్నాయి. ఒకదాని కింద తేదీ: 2016 మే 5. పసి ఒరంగుటాన్‌ల బోను ముందు నలుగురు సిబ్బంది నేల మీద కూర్చుని తింటున్నారు. ప్రతి పళ్లెంలో సగం తెల్ల జావ, సగం తాటిబెల్లం కలిపిన ఎర్ర జావ.

అది ఏదో పుట్టినరోజు అన్నాడు సిలాలహి. అతనిది సుమత్రాలోని మెదాన్. తెన్రికీ తెలియదు. ప్రమెస్తి మాత్రం జావా ద్వీపపు పల్లెటూరి పిల్ల.

9:30కి మెలాతికి మత్తు ఇచ్చారు. 9:35కి ప్రమెస్తి ముగ్గురినీ ఆపరేషన్ గది ముందు నిలబెట్టింది.

“సీసా ఎవరూ మార్చలేదు. మారింది జంతువుల పేర్లు. తూకం చెడితే రెండూ ఒకే వైపు తప్పాలి. ఇక్కడ ఒకటి పెరిగింది, ఇంకోటి దాదాపు అంతే తగ్గింది. మధ్యలో మే 5. మా తమ్ముడు చిన్నప్పుడు అస్తమానం జబ్బుపడేవాడు. పేరు మోయలేనంత బరువైందని, అందుకే జబ్బని చెప్పి, ఎర్ర జావ, తెల్ల జావ పంచి, పేరు మార్చారు. పాక్, చిక్కిపోయిన పిల్ల ఏది?”

వాకిది తలుపు వైపు చూశాడు. “లోపల పడుకున్నదే.”

“అప్పుడు దాని పేరు రింజనీ.”

“అవును బు. కొండ పేరు. అంత పసిదానికి పెట్టారు. జావ పంచిన మర్నాడే పాలు తాగింది.”

“ఇంకోదాని పేరు ఎందుకు మార్చారు?”

“రింజనీ అని పెట్టింది పెద్ద ఆఫీసరు గారి భార్య. బోర్డు మీద ఆ పేరు లేకపోతే ఊరుకోరు. మెలాతి గట్టిది, మోస్తుందిలే అని దానికిచ్చా. దాని పేరు దీనికి తెచ్చా. దాచిందేం లేదు. అప్పటి డాక్టరు గారు రెండు పళ్లేలు తిన్నారు.”

ఆపరేషన్ సంగతి తెలిసినప్పుడైనా నోరు విప్పాల్సిందని సిలాలహి గట్టిగా అన్నాడు.

“రక్తం చూసి చెప్పారనుకున్నా సార్. రక్తం చూసేవాళ్లకి పేరుతో పనేంటి?”

మెలాతి రక్తం ఎవరూ చూడలేదు. కావలసిన జంతువు కాదని ల్యాబ్‌కి పంపలేదు.

తెన్రి లోపలికి వెళ్లి సర్జన్‌ను ఆపింది. అప్పటికి 9:48. ట్రేలో పేర్చిన కత్తులు అలాగే ఉన్నాయి.

సిలాలహి కుర్చీలో కూర్చున్నాడు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానన్నాడు. నాలుగోది దక్కిందన్నాడు. తర్వాత, సర్జన్ ఎలాగూ ఇక్కడే ఉన్నాడు కదా అన్నాడు. ఏ జంతువు గురించి అంటున్నాడో ఎవరూ అడగనక్కర్లేకపోయింది.

రెండింటి రక్తం పరీక్షించాకే కత్తి పడుతుందని తెన్రి కచ్చితంగా చెప్పింది. అందుకు మూడు వారాలు పడుతుంది.

ప్రమెస్తి వాంగ్మూలం రాసి వాకిది ముందు పెట్టింది. ఏది ఏదో అతని మాటల్లోనే ఉంది.

“ఇది రాసిస్తే రింజనీకి ఆపరేషన్ చేస్తారు కదా?” అని అడిగాడు.

“రక్తం కూడా అదే చెబితే, చేస్తారు.”

“అది ఒక్కరోజు కూడా జబ్బు పడలేదు బు.”

ప్రమెస్తి కలం అతని వైపు జరిపింది. అతను సంతకం పెట్టాడు. 10:25.

లోపల మెలాతి కదులుతోందని, మత్తు దిగేటప్పుడు తెలిసిన మనిషి పక్కన ఉండాలని తెన్రి పిలిచింది. వాకిది వినిపించుకున్నాడు. తల కూడా ఊపాడు. కానీ అటు వెళ్లలేదు. మెట్లు దిగి, తను ఇచ్చిన పేరు మోస్తున్న రింజనీ బోను వైపు నడిచాడు.