జాజు బొట్టు పెట్టిన ఇరవై గొర్రెలు

బొజ్జయ్య సంచి సర్దుతున్నాడు. తెల్లారి చాలాసేపయినా ముసురు విడవలేదు. యూరియా సంచికి రెండు వైపులా తాళ్లు కుట్టి చేసుకున్న సంచి అది. అడుగున సత్తుగిన్నె, దానిలో ఉప్పూ కారం పొట్లాలు, ఆపైన బియ్యం మూట, టార్చిలైటు, బీపీ గోలీలు పెట్టాడు. చివరికి గొంగడి మడిచి పైన కుక్కాడు.

పుల్లమ్మ గడపలో కూర్చుని చూస్తోంది. ఎవరు సంచి సర్దినా ఆమెకు అరచేతులు చల్లబడతాయి. ఊళ్లో ఎవరో పెళ్లికి పోతున్నా, బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి చూసే మనిషి ఆమె.

నాట్లు పడగానే ఊరి చుట్టూ మేత ఉండదు. టేకులపల్లి వైపు గొర్రెల కాపరులు మందలను గుండాల అడవికి తోలుకుపోయి, దసరాకు గాని తిరిగిరారు. పదకొండేళ్ల కిందట అలా పోయి, వాగు వరదలో కనిపించకుండా పోయిన కొడుకు వీరబాబు గురించి ఆ ఇంట్లో ఎవరూ మాట పూర్తి చేయరు. "వీరబాబు వచ్చినంక" అనే అంటారు. వీరబాబు వచ్చినంక ఇంటికి సున్నం వేద్దాం, వీరబాబు వచ్చినంక బోరు వేద్దాం. అతని భార్య కళావతి అత్తమామలతోనే ఉండిపోయింది. నుదుట బొట్టు తీయలేదు. తియ్యమని ఎవరూ అనలేదు.

"ఈ ఒక్క ఏడు పోకుంటే ఏమైతది?" అంది పుల్లమ్మ.

"ఏమైతదా? చెరువు కింద తడిగడ్డి మేసి గొర్లకు నట్టలు పడ్డయ్. మెరక మీద మేస్తేనే బతుకుతయ్. నీ కండ్లతోని నువ్వే చూడు పో."

చూడనక్కర్లేదు. పొద్దున్నే చూసింది. గొర్రె కింది రెప్ప లాగి చూస్తే లోపల ఎర్రగా ఉండాలి. సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. కడుపులో నట్టల పురుగులు నెత్తురు తాగేస్తే అలా అవుతుంది. నాలుగు గొర్రెలకు దవడ కింద నీళ్ల తిత్తులు కూడా దిగాయి.

అప్పుడే కళావతి వాకిట్లోకి వచ్చి నెత్తిమీది బస్తా దించింది. ఆమె ఊళ్లో పశుమిత్ర. గొర్రెలకూ మేకలకూ టీకాలు వేస్తుంది, మందులు పోస్తుంది.

"మామా, మూడు వారాలాగు. ఇది పెట్టి చూద్దాం."

బొజ్జయ్య బస్తా మూతి విప్పి చెయ్యి పెట్టాడు. ఎర్రటి పొట్టు. చింతగింజలు వేయించి పప్పు తీసుకున్నాక, పనికిరాదని అందరూ కల్లం వెనకాల కుప్ప పోసేది.

"ఏందిది? చెత్తనా?"

"చెత్తనే. దీంట్ల వగరుంటది. ఆ వగరు నట్టలకు పడదంట, శిక్షణల చెప్పిండ్రు. తవుడుల కలిపి గొర్రెకు రోజుకు పిడికెడు. ఎక్కువ పెడితే మేత మానేస్తయ్."

"నా గొర్లకు చెత్త తినవెట్టి సాకమంటవ్."

"నువ్వు నలభై ఏండ్లసంది అత్త వంట తింటలేవా మామా."

బొజ్జయ్యకు నవ్వొచ్చింది. మీసం కింద దాచుకున్నాడు. చివరికి పందెం కుదిరింది. బాగా చెడ్డ గొర్రెలు ఇరవై ఏరి, నుదుట జాజుతో ఎర్రటి బొట్లు పెట్టారు. వాటికే పొట్టు. మూడు వారాలకు వాటి రెప్పలు ఎర్రబడితే ఈ ఏడాది అడవికి పోవడం లేదు. లేకపోతే ఆ మర్నాడే ప్రయాణం. సంచి విప్పకుండానే గోడ కొయ్యకు తగిలించాడు.

మొదటి వారం ఏ మార్పూ లేదు. తొమ్మిదోనాడు బొట్టు పెట్టిన గొర్రె ఒకటి చచ్చిపోయింది. బొజ్జయ్య కొయ్య వైపు ఒకసారి చూశాడు. ఆ చూపుకే పుల్లమ్మ కళ్ల ముందు వాగు ఎర్రగా పొంగింది. ఒడ్డున ముసలాయన ఒక్కడే ఉన్నాడు.

ఆ మర్నాడు బొజ్జయ్య సంతకు పోయాడు, కళావతి మండలం మీటింగుకు పోయింది. పుల్లమ్మ అటక మీంచి ఉగాదినాటి నట్టల మందు డబ్బా దించింది. కొడుకు పలక మీద దిద్దుతుంటే పక్కన కూర్చుని నేర్చుకున్న అక్షరాలు ఆమెవి. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, ఎంత బరువుకు ఎంత మందో చదివింది. ఒక్కో గొర్రెనూ మోకాళ్ల మధ్య అదిమి, దవడ పట్టి, పంతొమ్మిదింటికీ మందు పోసింది. డబ్బా బియ్యం కుండలో దాచింది. ఆ రోజు నుంచి అన్నం వండిన ప్రతిసారీ దాన్ని బియ్యంలో ఇంకాస్త లోతుకు తోసింది.

ఇరవై ఒకటోనాడు కళావతి ఒక్కో గొర్రె రెప్ప లాగి చూపించింది. గులాబీ రంగు. దవడ తిత్తులు ఇంకిపోయాయి. బొట్టు లేనివి ఇంకా పాలిపోయే ఉన్నాయి. బొజ్జయ్య రెండుసార్లు చూశాడు. "సరే, గెలిచినవ్" అన్నాడు. ఆ మాటలో సంతోషం లేదు, దాన్ని పుల్లమ్మ ఒక్కతే గమనించింది.

తండా నుంచి రూప్లా వచ్చాడు. ముప్పై మేకలున్నాయి అతనికి.

"కాకా, మీ గొర్లు లేచినయంట. చెల్లె, నాకూ ఒక బస్తా ఇయ్యి. ఇగ నేను మందు జోలికే పోను."

పుల్లమ్మకు అతని మేకలు వరసగా పడిపోతున్నట్టు కనిపించింది. అతని పెళ్లాం బాలి ఆ మేకల పాలతోనే పిల్లలను సాకుతోంది.

"ఆగు రూప్లా," అంది. లోపలికి పోయి, బియ్యం అంటిన డబ్బా తెచ్చి నడి వాకిట్లో పెట్టింది. "నేను మందు పోసిన. దొంగతనంగ. బొట్టు పెట్టినయాటికే."

కళావతి డబ్బా తీసి అటూ ఇటూ తిప్పింది.

"ఎందుకత్తా?"

"మీ మామ పోతడని."

కళావతి కళ్లు తుడుచుకుంది. కోపం రాలేదామెకు. "ఇది ఉగాదికి మొత్తం మందకు పోసిన మందే గదా. అప్పుడు ఒక్కదాని కన్నన్న ఎర్రబడ్డదా? ఈ మందుకు ఇక్కడి నట్టలు అలవాటు పడ్డయ్. అందుకే పొట్టు తెచ్చిన. అయినా ఇప్పుడు గట్టిగ చెప్పలేం. అన్నా, మళ్ల మొదటినుంచి చూద్దాం. నీ మేకలు పది, మా గొర్లు ఇరవై. పేడ పశువుల దవాఖానల చూపిద్దాం. అందాక ఎవరికీ చెప్పకు, ఉన్న మందు మానకు."

"చెప్పను," అన్నాడు రూప్లా. పుల్లమ్మ వైపు తిరిగి, "చిన్నమ్మా, నీ చేతికి చిక్కితే పులి గూడ నోరు తెరుస్తది," అని, ఎవరూ నవ్వకపోవడంతో గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు.

బొజ్జయ్య లేచి కొయ్య మీది సంచి దించాడు.

"మామా, ఏందది?"

"పందెం చెల్లలే."

"మందుతోనో పొట్టుతోనో గొర్లయితే బాగైనయ్. మేతకు తవుడుంది, పొట్టుంది. ఇంకెందుకు పోవుడు?"

అతను టార్చి నొక్కి చూసుకుంటున్నాడు.

"గొర్ల కోసమే అయితే ఎందుకు పోతున్నవో చెప్పు మామా."

"గొర్ల కోసం ఎవడు పోతున్నడే," అన్నాడు బొజ్జయ్య.

టార్చి అతని చేతిలో వెలుగుతూనే ఉంది.

"ఏటా వాగు అవతలి గూడేలన్నీ తిరుగుత. ఈ ఎత్తుంటడు, ఎడమ చెవి కింద మచ్చుంటది అని అడుగుత. ఒకడు గొడ్లకాడ చూసినమంటడు. ఒకడు మిరప కోతకు ఛత్తీస్‌గఢ్ దిక్కు పోయిండంటడు. నేను పోకుంటే వాణ్ణి అడిగేటోడెవడు? మీరిద్దరు వచ్చినంక, వచ్చినంక అనబడితిరి. వచ్చేటోడైతే ఎవడో ఒకడు ఎదురు పోవాలె గదా."

పుల్లమ్మ గోడకు జారగిలబడింది. పదకొండేళ్లు ఆమె అడవికి భయపడింది, వాగుకు భయపడింది, గొర్రెల తెల్లటి రెప్పలకు భయపడింది. ఈ ముసలాయనను ఏటా ఆ నీళ్ల మీదికి తోసింది తన మాటేనని ఒక్కనాడూ తోచలేదు. మొదటి ఏడాది కులపెద్దలు వచ్చి కర్మ చేద్దామంటే తలుపు వేసింది తనే. పోయాడని అనకపోతే జరగనట్టేనని ఆమె నమ్మింది. ఆ మాట అన్నాక ఏమవుతుందో కూడా తెలుసు. ఆమె కోడలి నుదుటి వైపు చూసింది.

కళావతి ఆ చూపు పట్టుకుంది. వచ్చి అత్త పక్కన నేలమీద కూర్చుంది.

"అనత్తా. నాకు ఎన్నడో తెల్సు. నీ ముందర బోసి మొహంతోని తిరుగలేక ఉంచుకున్న. ఉంచుకుంటనో తీస్తనో అది నా ఇష్టం. నువ్వైతే అను."

"నా నోట రాదు బిడ్డా."

"రావాలె. లేకుంటే ఈయన గూడ పోతడు."

బొజ్జయ్య టార్చి ఆర్పాడు. సంచిలోంచి గొంగడి తీసి నేల మీద పరిచి, దానిమీద కూర్చున్నాడు. భార్య మొహంలోకి చూశాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమెను ఏదీ బతిమాలని మనిషి.

"చెప్పు పుల్లమ్మా. నువ్వు చెబితే నేను ఆగుత. నా అంతట నేను ఆగలేకున్న."

కళావతి అత్త చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ చెయ్యి మంచులా ఉంది. పుల్లమ్మ, డబ్బా మీది అక్షరాలు చదివినట్టు, ఒక్కో మాటా విడివిడిగా చెప్పింది.

"వీరబాబు ఇగ రాడు. వాగుల పోయిండు. రెండువేల పదమూడు, ఆగస్టు పన్నెండు, సోమవారం."