ఒక గులాబీకి రెండు ఇంటిపేర్లు

గ్లాసులు కింద పెట్టి ఇటు జరగండి. ఆ బాణాలాట కాసేపు ఆపండయ్యా, బోర్డు ఎక్కడికీ పారిపోదు. ఆర్నాల్డ్, నీ కుక్కని కూర్చోమను, నువ్వూ నోరు మూసుకో. ఇది మన డెర్బీ పక్క బొగ్గుగని వీధిలో జరిగింది. అబద్ధమైతే నా బీరు మీరే తాగండి.

మేవిస్ క్లెగ్ పెరట్లో పసుపు గులాబీ ఉండేది. గడ్డకట్టే చలిలోనూ నవ్వుతూ నిలబడే మొక్క, వాసన మాత్రం సున్నా. కంచె అవతల వాల్టర్ బాగ్‌షాది ఎర్ర గులాబీ. పక్కవాడు తుమ్మితే మంచం పట్టే రకం. కానీ దాని వాసనకి పాలబండి గుర్రం ఆ గేటు దగ్గరే కూలబడి, కదలనని మొండికేసేది.

ఒక జూన్ పొద్దున్న వాల్టర్ టీ కప్పుతో బయటికొచ్చేసరికి, మేవిస్ కంచె మీద నడుము దాకా వాలి, బొమ్మలు వేసే కుంచెతో అతని పువ్వుకి గిలిగింతలు పెడుతోంది.

"మా పువ్వుతో నీకేం పని బాతూ?" అన్నాడు. మన వైపు ముద్దుగా అలాగే పిలుస్తాం కదా.

"పుప్పొడి తీసుకుంటున్నా. మా పసుపుదానికి సంబంధం కుదిర్చాను."

"అడిగితే ఇవ్వనా?"

"ఇస్తావు. ఇచ్చి కబుర్లు మొదలెడతావు. ఈలోపు ఏ తేనెటీగో వచ్చి పెళ్ళి చేసేస్తుంది."

ఆమె తన పువ్వు రేకులూ కేసరాలూ ముందే పీకేసి ఉంచింది. పుప్పొడి అద్ది, ఈగ దూరకుండా కాగితం సంచీ తొడిగింది. కాయ పండేదాకా వాల్టర్ రోజూ కంచె దగ్గరే. కాయని చూడ్డానికే అనేవాడు. కాయ ఒకవైపుంటే కళ్ళు ఇంకోవైపుండేవి.

మరుసటి ఏడాది గింజల్లో ఒక్కటే మొలిచింది. అది పూసిన రోజు చూడాలి, నిప్పుకణికే. బస్సు డ్రైవరు ఎర్ర లైటనుకుని బ్రేకు వేశాడు. జనం ఆ వాసనకి దిగిపోయి మళ్ళీ ఎక్కలేదు.

ఆగస్టులో పూల పోటీ. డేరాలో కార్యదర్శి పికర్స్‌గిల్ గారు చీటీ పట్టుకుని, "పెంచినవాళ్ళ ఇంటిపేరు ఒక్కటే రాయాలి. పన్నెండు కొడితే ఇక తీసుకోను," అన్నారు.

"క్లెగ్," అంది మేవిస్. "బాగ్‌షా," అన్నాడు వాల్టర్. ఒకేసారి.

"మోసి కన్నది మా చెట్టు."

"మాది లేకపోతే ఏం మోసేది, గాలినా?"

"కుంచె పట్టింది నేను."

చర్చి గడియారం గొంతు సవరించుకుంది. వాల్టర్ చెవుల దాకా ఎర్రబడ్డాడు. "అయితే నువ్వే బాగ్‌షా అయిపో. గొడవ వదుల్తుంది."

కేకుల మీది ఈగలు కూడా ఆగిపోయాయి.

"ఇది పెళ్ళి అడగడమా, చీటీ నింపడమా?"

"చీటీకి తొందరుంది. పెళ్ళి మాట నా నోట్లో నానబట్టి ఏడాది దాటింది."

"నేను క్లెగ్గునే. మారను."

వాల్టర్ టోపీ తీశాడు. "పికర్స్‌గిల్ గారూ, క్లెగ్ అనే రాయండి. పువ్వుకీ, నాకూ."

మేవిస్ ఆ టోపీ అతని చేతిలోంచి లాక్కుని, తన మొహానికి అడ్డం పెట్టుకుంది. అవతల టీ పోస్తున్న మేవిస్ వాళ్ళమ్మ తలెత్తకుండానే, "ఆదివారం భోజనానికి రమ్మను. బంగాళదుంపలు వాడే చెక్కాలి," అంది.

పన్నెండో గంట మోగేలోపు చీటీ పడింది. బహుమతి కప్పు కూడా ఆ పువ్వుకే.

పక్క బల్ల దగ్గర పెళ్ళి కాని ముసలి సెప్టిమస్ తన ఉల్లిగడ్డల్ని దగ్గరికి లాక్కుంటూ అన్నాడు: "అందుకే నేను వీటినే పెంచుతాను. జన్మంతా ఏడిపించాయి గానీ, ఒక్కటీ నా ఇంటిపేరు అడగలేదు."