పైపు మీద పసుపు టేపు

తలకు పోసుకోవాలి. బియ్యం ఏరాలి. రేపటి స్కూల్ ఎగ్జిబిషన్‌కు శిలాజ ఇంధనాల చార్టు పూర్తి చేయాలి. నాయినకు అన్నం డబ్బా ఇచ్చి రావాలి.

ఆదివారం మధ్యాహ్నానికి ఐదో తరగతి రేణుకకు డబ్బా పని ఒక్కటే మిగిలింది. చార్టు చూసుకుంటే ఆమెకే ముచ్చటేసింది. బొగ్గు, పెట్రోలు, సహజవాయువు బొమ్మలు వేసింది. కోట్ల ఏళ్ల కిందట భూమిలో పూడిపోయిన మొక్కలూ జీవులే ఇలా మారాయని రాసింది. చుట్టూ మెరిసే పసుపు అంచు పెట్టింది.

ఆ అంచు నిన్న నాయిన పనిచేసే చోట దొరికిన ప్లాస్టిక్ టేపు. ఎవరూ చూడకుండా చుట్టలోంచి రెండు బారలు కత్తిరించి, మడిచి అంటించింది. అంత పెద్ద చుట్టలో ఇంత ముక్క పోతే ఏమవుతుందిలే అనుకుంది.

నాయిన ఓంకార్ పని పుప్పాలగూడలో వాళ్ల గల్లీ చివరే. అపార్ట్‌మెంట్ల వంటిళ్లకు వెళ్లే గ్యాస్ పైపులు భూమిలో వేస్తాడు. రేణుక వెళ్లేసరికి పని ఆగిపోయి ఉంది. ఓంకార్ మోకాలి లోతు గుంతలో నిలబడి ఉన్నాడు.

“జర పక్కకు జరుగన్నా, మట్టి పోస్త!” జేసీబీ మీదనుంచి డ్రైవర్ రాకేశ్ అరిచాడు. “రెండు బారల టేపు తక్కువైతే ఏమైతది? దానికేమన్న పూజ చేస్తవా?”

“గల్లీకి సరిపోయేటట్టు కొలిచి తెచ్చిన తమ్మీ. ఎట్ల తక్కువైందో తెల్వదు. రేపు ఇంకో చుట్ట వచ్చేదాక పూడ్వనియ్య.”

“ఇయ్యాల్నే అయిపోవాలన్నడు సారు. ఏం చెప్తవ్?”

“నేనే కొలత తప్పిన్నని చెప్త.”

రేణుక గుంత అంచుకు వచ్చింది. “నాయినా, ఆ టేపు ఎందుకు?”

“పైపు మీద సగం మట్టి పోసి, దాని మీద పరుస్తం బిడ్డా. పదేండ్లకు ఇంకెవరో ఈడ తవ్వుతరు. కింద గ్యాస్ ఉందని చెప్పనీకి నేనుండ గదా! గడ్డపార పైపుకు తగలకముందే ఈ పసుపు కనవడ్తది. ఆగిపోతరు.”

డబ్బా అక్కడే పెట్టి రేణుక ఇంటికి పరుగెత్తింది. టేపు లాగుతుంటే చార్టు చిరిగింది. బొగ్గు బొమ్మ సగం ఊడొచ్చింది. అయినా ఆగలేదు. టేపు పట్టుకుని గుంత దగ్గరికి తిరిగొచ్చింది.

“నేనే తీసుకున్న నాయినా. నీ కొలత తప్పలే.”

రాకేశ్ పకపకా నవ్వాడు. “ఇంటి దొంగను ఈశ్వరుడు గూడ పట్టలేడన్నా!”

ఓంకార్ నవ్వలేదు. “అడిగితే పనికిరాని ముక్కలు ఇద్దును గదా,” అన్నాడు. టేపు మడతలు విప్పాడు. “ఆ కొస పట్టుకో. వంకర పోనియ్యకు.”

ఇద్దరూ కలిసి టేపు పరిచాక, జేసీబీ కదిలింది.

మర్నాడు ప్రవీణ టీచర్ చార్టు చూసి అడిగారు. “ఇదేంటమ్మా, అంచులన్నీ చిరిగిపోయాయి?”

రేణుక తల దించుకోలేదు. “నేను అడగకుండ తెచ్చిన టేపు టీచర్. తిరిగి ఇచ్చేసిన. ఇప్పుడు మా గల్లీల భూమి కింద ఉంది. మా నాయిన పరిచిండు.” అది ఎందుకు పరుస్తారో క్లాసు పిల్లలందరికీ తనే చెప్పింది.

పిల్లలూ, మీ వంటింట్లో గ్యాస్ మంట నీలంగా వెలిగినప్పుడు, గుంతలోంచి పక్కకు జరగని ఓంకార్‌ను ఒక్కసారి తలచుకోండి.